పానకాలయ్య కాలేజీలో క్యూ ధ్వంసం

బత్తుల ఝాన్సీకి చిన్నప్పటి నుంచి ఒక జబ్బుంది. ఏ పనైనా ఎక్కడైనా ఆగిపోతే ఆ పిల్లకు ఒళ్లు మండుతుంది. పెళ్లిళ్లలో వడ్డించేవాళ్లు ఒకరికొకరు అడ్డం పడుతుంటే, తన విస్తట్లో అన్నం చల్లారిపోతున్నా లేచి వెళ్లి, సాంబారు బకెట్టు ఎటు నుంచి రావాలో, పెరుగు ఎటు పోవాలో చెప్పి వచ్చేది. చుట్టాలు ముక్కున వేలేసుకునేవాళ్లు. వాళ్ల నాన్న వెంకటనర్సయ్య ఆర్టీసీలో కండక్టరు. "పిల్లకి పెద్దరికం ముందే వచ్చింది" అని నవ్వి ఊరుకునేవాడు.

అందుకని ఇంజినీరింగ్ కౌన్సెలింగులో అందరూ కంప్యూటర్ల వెంట పడుతుంటే ఝాన్సీ ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ కోరుకుంది.

"ఏ ఇండస్ట్రీ అమ్మా? పొగాకా, గ్రానైటా?" అని అడిగాడు వెంకటనర్సయ్య.

"ఏదైనా ఒకటే నాన్నా. పని ఎక్కడా ఆగకుండా సాఫీగా జరిగేటట్టు చూసే చదువు."

వెంకటనర్సయ్య టిక్కెట్ల సంచీ భుజానికి తగిలించుకున్నాడు. "సదువయ్యాక మొదట మా డిపోకి రా" అన్నాడు.

సీటు వచ్చింది శ్రీ పానకాలయ్య స్మారక ఇంజినీరింగ్ కళాశాలలో. ఒంగోలుకు ఇవతల, హైవే పక్కన, మిరప చేలకూ పెట్రోలు బంకుకూ మధ్య ఉంటుంది. శాఖాధిపతి డాక్టర్ మార్కండేయులు మొదటి రోజు క్లాసులో ఇలా సెలవిచ్చారు. "సివిల్ వాడు కడతాడు. మెకానికల్ వాడు తిప్పుతాడు. ఎలక్ట్రికల్ వాడు వెలిగిస్తాడు. వాళ్లు ముగ్గురూ ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకోకుండా చూసేవాడే మనవాడు." ఝాన్సీకి ఆ మాట గుండెల్లోకి దిగిపోయింది. తన జబ్బుకు ఒక శాస్త్రం ఉందని, దానికి పుస్తకాలూ పరీక్షలూ కూడా ఉన్నాయని తెలిసి ఆ రాత్రి సంతోషంతో నిద్రపట్టలేదు.

మూడో సంవత్సరంలో క్యూల శాస్త్రం వచ్చింది. మనుషులు ఎంత వేగంగా వస్తున్నారు, పని ఎంత వేగంగా తెములుతోంది, ఈ రెంటికీ తేడా వస్తే వెనకాల తోక ఎలా పెరుగుతుంది, దాన్ని ఎలా తగ్గించాలి. ఇదీ పాఠం. ఝాన్సీ ఆ పుస్తకాన్ని వారపత్రికలో సీరియల్ చదివినట్టు చదివేసింది.

సరిగ్గా అప్పుడే గుర్తింపు కమిటీ వచ్చింది.

కమిటీ అధ్యక్షులు ప్రొఫెసర్ సచ్చిదానందం గారు ఆ ఏడే ఒక కొత్త నిబంధన పట్టుకొచ్చారు. ప్రతి శాఖా తాను ఏ పదార్థాన్ని గురించి బోధిస్తుందో ఆ పదార్థాన్ని ప్రయోగశాలలో ప్రత్యక్షంగా ఉంచాలి. సివిల్ వాళ్లు సిమెంటు దిమ్మలు చూపించారు. మెకానికల్ వాళ్లు లేతు మిషను తిప్పి చూపించారు. మార్కండేయులు గారు ఒక స్టాప్‌వాచీ, ఒక కంప్యూటరు, నాలుగు కుర్చీలు చూపించారు.

సచ్చిదానందం గారు కళ్లజోడు తీశారు. "ఇవి పనిముట్లు. పదార్థమేదీ?"

"మాది పదార్థం కాదండీ, ప్రక్రియ" అన్నారు మార్కండేయులు. "ఉదాహరణకు క్యూ."

"అయితే క్యూ చూపించండి."

ప్రిన్సిపాల్ వామనరావు గారు ముందూ, కమిటీ వెనకా, కాలేజీ అంతా క్యూ కోసం గాలించారు. ఫీజులు ఫోన్లలో కట్టేస్తున్నారు కాబట్టి ఆఫీసు దగ్గర ఎవరూ లేరు. లైబ్రరీ దగ్గర ఎవరూ ఎప్పుడూ లేరు. క్యాంటీనులో ఉప్మా ఎలా ఉంటుందో అందరికీ తెలుసు కాబట్టి అక్కడా లేరు. మరుగుదొడ్డి బయట ఒక కుర్రాడు నిలబడి ఉంటే కమిటీ ఆశగా దగ్గరికి వెళ్లింది. ఇంతలో తలుపు తెరుచుకుంది, వాడు లోపలికి వెళ్లిపోయాడు.

కమిటీ తన నివేదికలో ఇలా రాసింది: "సదరు శాఖయందు క్యూ లేమి గమనింపబడినది. రాబోవు తనిఖీ నాటికి తగు పరిమాణముగల క్యూను సమకూర్చుకొననిచో సదరు కోర్సునకు అనుమతి ఉపసంహరింపబడును."

మర్నాడు స్టాఫ్ మీటింగు జరిగింది. వ్యాయామం మాస్టారు ఎన్.సి.సి. పిల్లల్ని వరసగా నిలబెడతానన్నాడు. మార్కండేయులు గారు ఒప్పుకోలేదు. "అది కవాతు అవుతుంది. క్యూలో జీవం ఉండాలి. విసుగు ఉండాలి. ముందువాడి మీద అనుమానం ఉండాలి" అన్నారు.

ప్రిన్సిపాల్ గారు మార్గం కనిపెట్టారు. వరండాలో ఒక కిటికీ తెరిచి, గుమాస్తా సుందర్రావును కూర్చోబెట్టి, నిరీక్షణ ధ్రువపత్రం అనే కాగితం ఇప్పించాలి. సదరు విద్యార్థి సదరు క్యూలో నిరీక్షించినాడు అని అందులో ఉంటుంది. అది లేనిదే హాల్‌టికెట్ ఇవ్వరు.

"ఈ కాయితం దేనికి సార్?" అన్నాడు సుందర్రావు.

"క్యూలో నిలబడ్డారనటానికి రుజువు."

"క్యూ దేనికి సార్?"

"ఆ కాగితం తీసుకోవటానికి."

సుందర్రావుది చాలా ఏళ్ల సర్వీసు. వెళ్లి కిటికీ తుడుచుకున్నాడు.

క్యూ వెలిసింది. స్టోర్సు అధికారి దాన్ని స్టాకు రిజిస్టరులోకి ఎక్కించాడు. "క్యూ (సజీవము), ఒకటి. పొడవు: కిటికీ మొదలు నీళ్ల ట్యాంకు వరకు." ప్రతి సామాను మీదా నంబరు వెయ్యాలి కనుక, క్యూ మీద వెయ్యటం కుదరక, దాని పక్కన ఉన్న గోడ మీద ఎర్ర రంగుతో వేయించాడు. క్యూ ఎండకు పాడవకుండా షామియానా వేశారు. ఆ షామియానా సగం దూరం వరకే సరిపోయింది. తనిఖీకి వచ్చిన సచ్చిదానందం గారు తోక దగ్గర నుంచి తల దాకా నడిచి చూశారు. ఒక కుర్రాణ్ణి ఆపి, "ఎప్పుడు వచ్చావు బాబూ?" అని అడిగారు.

"పొద్దున్నే సార్."

"ముందుకు కదిలిందా?"

"లేదు సార్."

"నాణ్యత బాగుంది" అని రాసుకున్నారు.

క్యూ అన్నాక ఒకచోట ఆగదు. హైవే మీద పోయేవాళ్లు చూసి, ఇక్కడేదో ఇస్తున్నారనుకుని వచ్చి నిలబడటం మొదలుపెట్టారు. గేటు దగ్గర జాంకాయలమ్మే కోటమ్మ కూడా ఒకరోజు నిలబడి కాగితం తీసుకుని రొంటిన దోపుకుంది. "ఇది నీకెందుకు అవ్వా?" అని ఝాన్సీ అడిగితే, "ఏమో తల్లీ. రేపెవురన్నా అడిగితే యాడ తెచ్చేది?" అంది.

ఝాన్సీ కూడా నిలబడింది. ఆ పూట నిలబడ్డప్పుడు పాత జబ్బు తిరగబెట్టింది. నాలుగో ఏడు ప్రాజెక్టుకు అందరూ ఫ్యాక్టరీలు వెతుక్కుంటుంటే ఆమె మాత్రం మార్కండేయులు గారి గదికి వెళ్లి, "మన క్యూ మీదే చేస్తాను సార్. క్యూ పనితీరు మెరుగుదల" అంది. మార్కండేయులు గారికి కళ్లు చెమ్మగిల్లాయి. మెరుగుదల అంటే ఆయన ఇంకాస్త పొడుగు అనుకున్నారు. సంతకం పెట్టేశారు.

ఝాన్సీ కిటికీ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని సుందర్రావు పని చూసింది. పిల్లలు పేరు చెబుతారు, ఆయన రాస్తాడు. తండ్రి పేరు చెబుతారు, రాస్తాడు. ఊరి పేరు సరిగా వినపడదు, మళ్లీ అడుగుతాడు. ఆ తర్వాత లేచి లోపలి గదికి వెళ్లి, బీరువా తాళం తీసి, రబ్బరుస్టాంపు వేసి, తాళం వేసి, సిరా ఆరేదాకా ఊదుకుంటూ వస్తాడు. ప్రతి మనిషికీ ఇంతే.

"సుందర్రావు గారూ, ఆ స్టాంపు ఇక్కడే బల్ల మీద పెట్టుకుంటే?"

"పెట్టుకోవచ్చమ్మా. ఎవురూ అడగలా."

"పేరూ ఊరూ నిలబడ్డవాళ్లే రాసుకుంటే?"

"రాసుకోనీ. నా రాత నాకే అర్థం గాదు."

అంతే ఆమె చేసింది. స్టాంపు బల్ల మీదకు వచ్చింది. కాగితాలు ముందే పంచి, తోకలో ఉన్నవాళ్లే నింపుకుని వచ్చేటట్టు చేసింది. భోజనాల వేళకు నీళ్ల ట్యాంకు దాకా ఉన్న క్యూ షామియానా దాకా తగ్గింది. ఇంకాసేపటికి నలుగురే మిగిలారు. తర్వాత వాళ్లూ పోయారు. సుందర్రావు కుర్చీలో వెనక్కి వాలి టీ తాగుతూ, "ఇక్కడ కూచుంటే ఆ ట్యాంకు కనపడుద్దని ఇయ్యాలే తెలిసిందమ్మా" అన్నాడు.

ఝాన్సీకి కాళ్లు నేల మీద నిలవలేదు. మూడో ఏట పుస్తకంలో చదివింది కళ్ల ముందు జరిగింది. పరుగున వెళ్లి మార్కండేయులు గారిని పిలుచుకొచ్చింది. ఆయన వరండా ఈ చివర నుంచి ఆ చివరకు చూశారు. గోడ మీద నంబరు మాత్రం ఉంది.

"క్యూ ఏదమ్మా?"

"అయిపోయింది సార్."

మార్కండేయులు గారు ఖాళీ వరండాలో గోడకు చేరగిలబడ్డారు. "అది ల్యాబు సామానమ్మా" అన్నారు నీరసంగా.

సాయంత్రానికి మెమో వచ్చింది. "కళాశాల ఆస్తిగా రిజిస్టరునందు నమోదై, గుర్తింపు కమిటీచే ప్రశంసలు పొందిన సజీవ క్యూ ఒకటిని, ప్రాజెక్టు మిషతో, పట్టపగలు, సమూలముగా ధ్వంసము చేసినందులకు మీపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను. క్యూను పూర్వ పరిమాణమునకు పునరుద్ధరించు వరకు మీ డిగ్రీ ధ్రువపత్రములు నిలుపుదల చేయబడును."

మామూలు రోజుల్లో అయితే ఝాన్సీ నవ్వుకునేదే. కానీ అప్పటికి పది రోజుల ముందే మిర్చి కోల్డ్ స్టోరేజీ వాళ్లు ఆమెను ఇంటర్వ్యూ చేసి ఉద్యోగం ఇచ్చారు. డిగ్రీ కాగితం చేతికి రాగానే చేరమన్నారు, రాకపోతే వేరేవాళ్లను తీసుకుంటామన్నారు.

వెంకటనర్సయ్యను పిలిపించారు. ఆయన డ్యూటీ మధ్యలో నుంచి వచ్చాడు, ఖాకీ చొక్కాతోనే ప్రిన్సిపాల్ గదిలో నిలబడ్డాడు.

"మీ అమ్మాయి కాలేజీ ఆస్తిని నాశనం చేసింది" అన్నారు వామనరావు గారు.

"ఏం పగలగొట్టింది సార్?"

"క్యూ."

"అద్దమా సార్ అది?"

"క్యూ అంటే క్యూనేనయ్యా. మనుషుల వరస."

"ఆళ్లకి దెబ్బలేమన్నా తగిలినయ్యా?"

"దెబ్బలేం లేవు. పని అయిపోయి ఇళ్లకు వెళ్లిపోయారు."

వెంకటనర్సయ్య కూతురి వంక చూశాడు. ఝాన్సీ తల దించుకుంది. ఆయన ప్రిన్సిపాల్ గారికి దణ్ణం పెట్టి, "తప్పే సార్. పిల్లది, తెలవక చేసింది" అన్నాడు. బయటికి వచ్చాక మాత్రం, "అందరికీ పని అయిపోయిందా?" అని అడిగాడు. "అయిపోయింది నాన్నా" అంది. ఆయన సంచీలో ఉన్న అరటిపండు తీసి ఆమె చేతిలో పెట్టి బస్సెక్కాడు.

ఝాన్సీ నిజాయితీగా క్యూను తిరిగి నిలబెట్టే ప్రయత్నం చేసింది. స్టాంపును మళ్లీ బీరువాలో పెట్టించింది. లాభం లేకపోయింది. పిల్లలు తెలివి మీరిపోయారు. తరగతి మొత్తానికీ ఒకడే వచ్చి కాగితాలన్నీ పట్టుకుపోతున్నాడు. సుందర్రావుకు కూడా కూర్చుని పని చెయ్యటం అలవాటైపోయింది. తాళంచెవి కనపడటం లేదని చెప్పి స్టాంపు జేబులో పెట్టుకుంటున్నాడు.

దాంతో ప్రిన్సిపాల్ గారు పూర్తిస్థాయి విచారణకు ఆదేశించారు. ధ్వంసం జరిగిన నాడు క్యూలోనూ, దాని చుట్టుపక్కలా ఉన్న ప్రతి మనిషీ సాక్షే. ప్రతి సాక్షీ విడివిడిగా గదిలోకి వచ్చి, క్యూ ఎలా పోయిందో, దానివల్ల తనకు కలిగిన నష్టమేమిటో చెప్పాలి. విచారణాధికారి మార్కండేయులు గారే. ఆయన సాక్ష్యాలను స్వహస్తాలతో రాస్తారు, ఆయన దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది, ఒక్కో ముత్యానికీ చాలాసేపు పడుతుంది.

విచారణ నాడు ఎండ మండిపోతోంది. ఝాన్సీని ముద్దాయిగా తలుపు పక్కన స్టూలు మీద కూర్చోబెట్టారు. సెలవు పెట్టి వచ్చిన వెంకటనర్సయ్య వరండా మెట్ల మీద కూర్చున్నాడు. సాక్షులు గది దగ్గర మొదలై, వరండా నిండి, షామియానా దాటి, నీళ్ల ట్యాంకు దాటి, గేటు దాకా నిలబడ్డారు. ఆఖర్న కోటమ్మ, నెత్తిన జాంకాయల గంపతో.

అప్పుడే చెప్పాపెట్టకుండా గుర్తింపు కమిటీ కారు గేట్లోకి వచ్చింది.

సచ్చిదానందం గారు దిగి, అటూ ఇటూ చూసి, నిలుచున్నచోటే నిలుచుండిపోయారు. "ఇంత పొడుగు క్యూ నా సర్వీసులో చూడలేదు" అన్నారు. వామనరావు గారు ముందు బిత్తరపోయి, తర్వాత తేరుకుని, "తమరి సూచనల మేరకే అభివృద్ధి చేశామండీ" అన్నారు. మార్కండేయులు గారు గబగబా ఝాన్సీ దగ్గరకు వచ్చి చెవిలో చెప్పారు.

"నీ పంట పండిందమ్మా. ఈ పూట కమిటీ వెళ్లేదాకా ఇది ఇలాగే ఉంటే, క్యూ పునరుద్ధరణ జరిగినట్టే. మెమో చింపేస్తాను. నువ్వు మాత్రం కదలొద్దు."

ఆయన గదిలోకి వెళ్లి మళ్లీ కలం పట్టుకున్నారు. ఝాన్సీ కదలలేదు. కదలకుండా ఉండటం ఆమెకు బొత్తిగా రాని విద్య. అయినా రెండు చేతులతో స్టూలును గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఉద్యోగం గురించి ఆలోచించింది. సాక్షి ఒకడు లోపలికి వెళ్లాడు, ఎంతసేపటికీ బయటికి రాలేదు. షామియానా అందని చోట మొదటి సంవత్సరం పిల్ల ఒకతె పుస్తకం నెత్తిన పెట్టుకుని నిలబడింది. కాసేపటికి పుస్తకం జారింది. ఆ పిల్ల కూడా జారి కూలబడింది. పక్కవాళ్లు ఆమెను నీడకు చేర్చి నీళ్లు చల్లారు. ఖాళీ అయిన చోటును వెనకవాళ్లు ఒక అడుగు ముందుకు జరిగి నింపారు.

"లోపం తనంతట తానే సర్దుకుంది చూశారా" అని సచ్చిదానందం గారు కమిటీ సభ్యులకు చూపించారు.

ఝాన్సీ తండ్రి వంక చూసింది. ఆయన తన నీళ్ల సీసా తీసుకుని ఆ పిల్ల దగ్గరికి నడుస్తున్నాడు. ఆమె స్టూలు మీద నుంచి లేచి, అదే స్టూలు ఎక్కి నిలబడింది.

"అందరూ వినండి" అంది గొంతు పెంచి. "మిమ్మల్ని అడగబోయే ప్రశ్న ఒకటే. మొన్న క్యూ పోయినందువల్ల మీలో నష్టం ఎవరికి జరిగింది? జరిగినవాళ్లు చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యి లేవలేదు. తర్వాత ఆ చివర నుంచి ఒకటి లేచింది.

"నాకు జరిగింది" అంది కోటమ్మ. "నా జాంకాయలు ఎవురూ కొనలా."

"రాసుకోండి సార్, సాక్షి కోటమ్మకు నష్టం" అంది ఝాన్సీ గదిలోకి తిరిగి. "మిగతావాళ్లకు ఏమీ లేదు. విచారణ అయిపోయింది. మీరందరూ వెళ్లొచ్చు."

వెళ్లొచ్చు అన్నాక ఎవరాగుతారు. మార్కండేయులు గారు కలం మూత పెట్టేలోపు వరండా ఖాళీ అయింది. వామనరావు గారి ముఖం తెల్లబోయింది. "అయ్యా, ఇది రెండోసారండీ. ఈ అమ్మాయికి ఇదే అలవాటు" అన్నారు.

ఝాన్సీ స్టూలు దిగింది. ఉద్యోగం పోయినట్టేనని అనుకుంది. అనుకున్నాక, విచిత్రంగా, ఊపిరి తేలిగ్గా ఆడింది.

సచ్చిదానందం గారు ఖాళీ వరండాను చాలాసేపు చూశారు. ఆయన నిబంధనలకు తండ్రి లాంటివారు, ఏ నిబంధనా చేతిలో లేకుండా ఆయన ఇంతవరకు నిలబడలేదు.

"వామనరావు గారూ, మీ కెమిస్ట్రీ ల్యాబులో యాసిడ్ ఉంటుందా?"

"ఉంటుందండీ."

"ప్రయోగం చేస్తే ఏమవుతుంది?"

"అయిపోతుందండీ."

"అయిపోయిందని ఎవరికైనా మెమో ఇస్తారా?"

"ఇవ్వమండీ."

"మరి క్యూను శాశ్వత ఆస్తి కింద ఎందుకు రాశారు?" అన్నారు సచ్చిదానందం గారు కఠినంగా. "ఇది వినియోగ సరుకు. ప్రయోగం జరిగింది, సరుకు ఖర్చయింది. ఖర్చు కాకపోతే ప్రయోగం జరగనట్టు. మీ శాఖలో నేటి వరకు ప్రయోగమనేది చేసింది ఈ విద్యార్థిని ఒక్కతే అని నివేదికలో రాస్తున్నాను. తప్పు వర్గీకరణలో ఉంది. ఇకమీదట ఏటా కొత్త క్యూను టెండరు ద్వారా సేకరించుకోండి."

టెండరు అన్న మాట వినగానే వామనరావు గారి ముఖంలోకి మళ్లీ రక్తం వచ్చింది. ఆయనకు తెలిసిన దారిలోకి వచ్చారు. ఆ వారమే ప్రకటన వెలువడింది. తక్కువకు పాడుకున్న కాంట్రాక్టరు బహిరంగ సభలకు జనాన్ని తోలే మనిషి. మొదటి విడత సరుకు రెండు లారీల్లో దిగింది. దిగినవాళ్లు చెట్ల కింద గుంపుగా కూర్చుని భోజనం ఎప్పుడని అడిగారు. "ఇది క్యూ కాదు, గుంపు. నమూనాకు అనుగుణంగా లేదు" అని స్టోర్సు అధికారి సరుకును తిప్పి పంపాడు. కాంట్రాక్టరు కోర్టుకు వెళ్లాడు. ఆ వ్యాజ్యం ఇంకా వాయిదాల్లో ఉంది.

ఝాన్సీకి డిగ్రీ ఇచ్చేశారు. మార్కండేయులు గారు స్వయంగా చేతికిచ్చి, ఎవరూ వినకుండా, "నేను చదువుకున్న రోజుల్లో నేనూ ఇలాగే ఉండేవాణ్ణమ్మా" అన్నారు. ఆ మాట నిజమో కాదో ఆమెకు తెలియలేదు కానీ, ఆయన మీద ఉన్న కోపం మాత్రం పోయింది.

మిర్చి కోల్డ్ స్టోరేజీలో చేరేనాటికి కోతల కాలం. గేటు ముందు మిరపకాయల బస్తాలు వేసుకున్న ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా ఆగి ఉన్నాయి. రైతులు ట్రాక్టర్ల కిందే పక్కలు పరుచుకుని, అక్కడే వండుకుని, అక్కడే పేకాడుకుంటున్నారు. లోపల మేనేజరు, "ఎప్పుడూ ఉండేదేనమ్మా ఇది" అన్నాడు. ఝాన్సీ కొద్ది రోజులు కాటా దగ్గర నిలబడి చూసింది. తూకం వేసే చోటే తేమ చూడటం, తేమ చూసే చోటే రసీదు రాయటం, రసీదు కోసం దిగినవాడి ట్రాక్టరు అందరికీ అడ్డం. రసీదు బల్లను లోపలికి జరిపించింది, తేమ చూసే మనిషిని వరసలోకే పంపించింది. గేటు తెరిచి పెట్టించింది. కాటా దగ్గర నిలబడి ఒక్కొక్క బండినీ లోపలికి పిలుస్తూ ఉండిపోయింది.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి రోడ్డు మీద ఒకే ఒక్క ట్రాక్టరు మిగిలింది. దాని కింద ఒక పెద్దాయన తలగుడ్డ మొహానికి కప్పుకుని నిద్రపోతున్నాడు. ఝాన్సీ వెళ్లి లేపింది. ఆయన ఉలిక్కిపడి లేచి ముందుకు చూశాడు. ముందెవరూ లేరు. వెనక్కి చూశాడు. వెనకా ఎవరూ లేరు.

"నా వంతు దాటిపోయిందా తల్లీ?"

"లేదు బాబాయ్. నీ వంతే. లోపలికి తోలుకురా."

ఆయన ఇంజను స్టార్టు చేశాడు. కానీ బండి కదపలేదు. "ఎవురన్నా ఏమన్నా అంటారేమో" అన్నాడు.

"ఎవరూ ఏమీ అనరు."

ఖాళీ రోడ్డు మీద ట్రాక్టరు మెల్లగా కదిలింది. గేటు దాటేలోపు ఆయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నాడు.